గాలికి పోయిన చొక్కా

మా అన్న విల్ఫ్ సినిమాల్లో ఏడ్చిన ప్రతిసారీ మా ఇంట్లో ఎవరో ఒకరు ఏడ్చినట్టే ఏడ్చాడు. అతనికి మొదట పేరు తెచ్చిన సినిమాలో దగ్గిన దగ్గు మా అమ్మది. బహుమతి తెచ్చిన సినిమాలో, కొడుకు పోయాడన్న కబురు విని, బల్ల మీద రాలిన రొట్టె తునకల్ని వేలితో అద్ది ఒక్కొక్కటే పళ్లెంలో వేస్తాడు. దాని గురించి లండన్ పత్రికలు పేజీలకు పేజీలు రాశాయి. అది మా నాన్న. నాన్న రోజూ భోజనం అయ్యాక అదే పని చేసేవాడు, ఎవరూ పోకపోయినా.

అందుకే ఎనభై మూడు వేసవిలో ఫోన్ చేసి ఆరు వారాలు మా ఇంట్లో ఉంటానన్నప్పుడు, ఏం వండాలన్న ఆలోచన నాకు రాలేదు. ఏం దాచాలన్న ఆలోచన వచ్చింది.

మా హల్ రేవు మీద, మా హెస్సెల్ రోడ్డు మనుషుల మీద సినిమా తీస్తున్నారట. అందులో విల్ఫ్‌ది ఓడల నుంచి చేపలు దించే ముసలి కూలీ వేషం. అంటే మా నాన్న వేషమే. స్టేషన్ పక్కన పెద్ద హోటల్లో అతనికి గది తీసుకున్నారు గానీ వద్దన్నాడు. హోటల్లో అందరూ మర్యాదగా ఉంటారు, దాంతో నేనేం చేసుకోను అన్నాడు.

రేవు మూతపడి అప్పటికి ఎనిమిదేళ్లు. సగం వీధులు కూల్చేశారు. మిగిలిన వరసల్లో మాదొకటి. ఇంట్లో నేను, నా కూతురు జేనెట్, మా అత్తగారు ఐవీ. నేను పొద్దున షిఫ్టులో చేపల ఫ్యాక్టరీకి వెళ్లి, మధ్యాహ్నం వచ్చి, కాసేపు కుర్చీలో కూర్చుని, లేవలేక లేచి వంట మొదలుపెట్టేదాన్ని. అప్పటి రోజులన్నీ అలాగే గుర్తున్నాయి, కూర్చోవడం, లేవలేక లేవడం.

నా భర్త రాయ్ అరవై తొమ్మిది ఫిబ్రవరిలో ఐస్‌లాండ్ దగ్గర ఓడతో పాటు పోయాడు. ఇరవై మంది. ఒక్కరి శవమూ దొరకలేదు, ఒక్క సమాధీ లేదు. చర్చిలో ప్రార్థన పెట్టారు. దానికి విల్ఫ్ రాలేదు. అప్పుడతను స్పెయిన్‌లో నీళ్ల తొట్టెలో మునిగిపోతున్న ఓడకి కెప్టెన్‌గా నటిస్తున్నాడు. పూలు పంపాడు. ఆ పూల చక్రం మా గుమ్మంలో పట్టలేదు, పక్కకి వంచి తీసుకురావలసి వచ్చింది. ఆ రోజు నుంచి ఐవీ అతన్ని పేరు పెట్టి పిలవలేదు.

అతను పెట్టె పట్టుకుని వెనక తలుపులోంచి వంటింట్లోకి వచ్చేసరికి ఐవీ టీ తాగుతోంది.

“వచ్చాడమ్మా తొట్టి కెప్టెన్. కాళ్లు తుడుచుకో.”

“తుడుచుకున్నాను మిసెస్ స్టాథర్స్.”

“మళ్లీ తుడుచుకో. సినిమాల్లో తుడుచుకున్నట్టు కాదు.”

అతను వెనక్కి వెళ్లి మళ్లీ తుడుచుకుని వచ్చాడు. లోపలికి వస్తూ తల వంచాడు, కప్పుకి కట్టిన చెక్క దండెం మీంచి నా ఫ్యాక్టరీ కోట్లు, జేనెట్ స్కూలు చొక్కాలు వేలాడుతుంటే. బయట మండుటెండ. అతను వాటిని ఒకసారి చూశాడు, ఏమీ అనలేదు. చూసి ఏమీ అనకపోతే విల్ఫ్ దాన్ని ఎక్కడో పెట్టుకున్నాడని అర్థం.

రెండు మూడు వారాలు బాగానే గడిచాయి. పగలు పాత కూలీలతో పబ్బులో కూర్చునేవాడు. పోయేటప్పుడు తిన్నగా పోయేవాడు, వచ్చేటప్పుడు వాళ్ల భుజాలు వేసుకుని వచ్చేవాడు, కుడి భుజం కిందికి జారి, మెడ ముందుకి వచ్చి. మా రోడ్డు యాస ఎప్పుడో పోగొట్టుకున్నాడు. నాటకాల బడిలో చేరిన మొదటి ఏడాదే దాన్ని నోట్లోంచి కడిగేశారు. ఇప్పుడు దాన్ని ఐవీ దగ్గర నేర్చుకునేవాడు. ఆవిడ చెప్పేది, అతను అనేవాడు, ఆవిడ తల అడ్డంగా ఊపేది. నువ్వు మా మాట మాట్లాడుతుంటే చేపల కొట్టుకి బిషప్ వచ్చినట్టుంది అనేది. జేనెట్ నవ్వి నవ్వి టీ ఒలకబోసుకునేది. అతనికి కోపం వచ్చేది కాదు. తప్పు దిద్దేవాళ్లు దొరికి చాలా ఏళ్లయింది అన్నాడు నాతో.

అలసిపోయి ఉన్నాడని నాకు మెల్లగా తెలిసింది. యాభై నాలుగేళ్లు. మోకాళ్లు పట్టేసేవి. ప్యాటీలు, చిప్స్ తెస్తే కాగితంలోనే తినేసి నాన్న కుర్చీలో నిద్రపోయేవాడు, నోరు తెరుచుకుని. లండన్ నుంచి ఫోన్ వస్తే లేడని చెప్పమనేవాడు. ఒకసారి బంగాళాదుంపలు చెక్కు తీస్తూ, నాకు ఎవరి నడకైనా వచ్చు డోరీన్, నాదేదో గుర్తులేదు అన్నాడు. ఎవరూ చూడనప్పుడు ఎలా నడుస్తావని అడిగాను. ఆలోచించి, అలాంటప్పుడు కూర్చుంటాను అన్నాడు.

జూలై చివర్లో ఒక ఆదివారం. ఐవీ చర్చి ఆడవాళ్లతో సముద్రం ఒడ్డుకి వెళ్లింది. జేనెట్ స్నేహితురాలింటికి. నేను పైన ఆరేసిన దుప్పటి కొస మొహానికి తగులుతుంటే పక్కకి నెట్టి బఠాణీలు వొలుస్తున్నాను. విల్ఫ్ ఎదురుగా కూర్చుని వొలుస్తున్నాడు.

“ఈ సందులో అందరి బట్టలూ బయట ఆరుతున్నాయి. నీవి మాత్రం లోపల ఎందుకు?” అని అడిగాడు.

నటుడి గొంతు కాదది. చిన్నప్పుడు నేను మోకాలు చీరుకుని వస్తే, ఎవరు తోశారు అని అడిగే గొంతు. దానికి తోడు ఆ రోజు నాకు ఒళ్లంతా నొప్పులు. పద్నాలుగేళ్లు మోసింది ఎక్కడో అక్కడ దించాలి కదా. చెప్పేశాను.

మగవాడు ఓడెక్కిన రోజు ఇంట్లో బట్టలు ఉతక్కూడదు. ఉతికితే వాణ్ణి నీళ్లలో కడిగేసుకున్నట్టే. మా రోడ్డులో మాటలు రాని పిల్లలకి కూడా తెలుసు. చెయ్యి ఊపకూడదు, రేవు దాకా వెళ్లకూడదు, ఉతక్కూడదు. ఇప్పుడు ఎవరికి చెప్పినా నవ్వుతారు. వేరే ఇంట్లో జరిగి ఉంటే నేనూ నవ్వేదాన్నేమో.

ముందు రాత్రి జేనెట్ రాయ్ మీద కక్కింది. దానికి ఎనిమిది నెలలు, వాంతులూ విరేచనాలూ, మేం ముగ్గురం నిద్రపోలేదు. రాయ్ షికారుకి వేసుకునే లేత నీలం చొక్కా పాడైంది. తెల్లవారుజామున నాలుగింటికి, పోటు మీద, వాడు వెళ్లిపోయాడు. నేను ఎనిమిదింటికి లేచి ఆ కంపు భరించలేక చొక్కా ఉతికి వెనక సందులో దండెం మీద వేశాను. వేశానన్న సంగతి కూడా తెలీదు, కళ్లు మూసుకుని వేశాను. పిల్ల ఏడిస్తే లోపలికి వెళ్లాను. గంట తర్వాత పాలు కాస్తుంటే ఒక్కసారి గుర్తొచ్చింది. పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి పరిగెత్తాను. చొక్కా లేదు. దండెం మీద రెండు చెక్క క్లిప్పులు పక్కపక్కన ఉన్నాయి, అంతే. గాలికి కొట్టుకుపోయింది అనుకున్నాను. సందంతా వెతికాను. మూడు వారాలకి ఓడ గురించి కబురొచ్చింది.

విల్ఫ్ చేతిలో ఉన్న బఠాణీ కాయని వొలవకుండా గిన్నె పక్కన పెట్టాడు.

“ఐవీకి తెలుసా?”

“తెలిస్తే ఈ ఇంట్లో ఉంటుందా? కొడుకుని మింగినదాని చేతి టీ తాగుతుందా?” అన్నాను. ఆవిడకి నేను, జేనెట్ తప్ప ఎవరూ లేరు. నాకూ అంతే. మా రోడ్డు ఆచారాల్లో ఐవీ కంటే కట్టుదిట్టమైన మనిషి లేదు. బుధవారం గోళ్లు తీసుకున్నా ఒప్పుకునేది కాదు.

“నేను ఎవరికీ చెప్పను.”

“నువ్వు చెప్పవని తెలుసు విల్ఫ్. సినిమాలో చెయ్యకు.”

అతను తల ఊపాడు. తర్వాత ఇద్దరం గిన్నె నిండేదాకా వొలిచాం.

ఆగస్టులో మా వెనక సందులోనే షూటింగ్ పెట్టుకున్నారు, కూల్చకుండా మిగిలింది అదే కాబట్టి. ఓడ బయల్దేరే రోజు పొద్దున, కుర్ర జాలరులు సంచులు భుజాన వేసుకుని సందులోంచి వెళ్లే సీను. ఐవీతో కలిపి తొమ్మిది మంది ముసలి ఆడవాళ్లని గుమ్మాల్లో నిలబడడానికి పిలిచారు. ఆ వేడిలో వాళ్లకి మందపాటి కోట్లు తొడిగి, తలకి గుడ్డలు కట్టారు. నేను ఆ రోజు సెలవు పెట్టి మా వెనక గేటు దగ్గర టీ కప్పు పట్టుకుని నిలబడ్డాను.

సినిమావాళ్లు పొద్దున్నే వచ్చి సందంతా అడ్డంగా దండేలు కట్టి, దుప్పట్లు, లంగాలు, పిల్లల బట్టలు ఆరేశారు. నిజంగానే అందంగా ఉంది. ఐవీ తనకి చూపించిన గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

డైరెక్టర్ కుర్రవాడు, మంచివాడు, అందరి పేర్లూ నేర్చుకున్నాడు. ఐవీ అతన్ని పిలిచి, నాయనా, ఇది ఓడ బయల్దేరే రోజని కదూ అన్నావు అంది. అవునన్నాడు.

“మరి ఈ బట్టలేంటి?”

“వీధి నిండుగా ఉంటుందని. చూడ్డానికి బాగుంటుంది.”

“బాగానే ఉంటుంది. మునిగిపోతుంది కూడా.”

ఆవిడ గుమ్మంలో నిలబడనంది. ఆవిడ నిలబడకపోతే మేమూ నిలబడం అన్నారు మిగతా ఎనిమిది మందీ. అది సినిమా అని, నిజం ఓడ లేదని, అసలు రేవే లేదని కుర్రవాడు చెప్పి చూశాడు. ఒకావిడ కోటు విప్పడం మొదలుపెట్టింది. అరగంట అయ్యాక బట్టలన్నీ తీసేయమని పనివాళ్లకి చెప్పాడు. ఒక అమ్మాయి బుట్ట పట్టుకుని చకచకా తీసేసింది.

ఆఖరి దండెం దగ్గరికి వచ్చేసరికి కూలీ వేషంలో ఉన్న విల్ఫ్ డైరెక్టర్ దగ్గరికి నడిచాడు. భుజం మీద చెయ్యి వేసి ఏదో చెప్పాడు. డైరెక్టర్ మొహం వెలిగింది. అమ్మాయికి సైగ చేశాడు. ఆమె చెయ్యి దింపింది.

ఒక చొక్కా ఉండిపోయింది. మగవాడి చొక్కా. తెల్లది, నీలం కాదు. అంత తేడా మాత్రం మిగిలింది నాకు.

అది చెప్పేదాకా విల్ఫ్ నా వైపు చూడలేదు. నేను గేటు పట్టుకున్నాను. కేకేసి ఆపాలనిపించింది. ఆపితే ఎందుకో చెప్పాలి. ఐవీ ఆ చొక్కాని చూసింది, చాలాసేపు చూసింది. ఇప్పుడు అడుగుతుంది, ఇదెక్కడి చోద్యం, ఎవరు ఆరేస్తారు ఇలా, ఎలాంటి ఆడది అని అడుగుతుంది అనుకున్నాను. ఆవిడ అడగలేదు. చేతులు కట్టుకుని తన గుమ్మంలో నిలబడింది.

కెమెరా మొదలైంది. కుర్రాళ్లు నవ్వుకుంటూ సంచులతో వెళ్లారు. ఆడవాళ్లు గుమ్మాల్లో కదలకుండా చూశారు, ఎవరూ చెయ్యి ఊపలేదు. వాళ్ల వెనకాల దూరంగా విల్ఫ్ మా నాన్నలా, కుడి భుజం జారవిడిచి వస్తున్నాడు.

ఐవీ గుమ్మం దిగింది.

ఎవరూ దిగమనలేదు. ఆవిడ పని నిలబడడం. తొందరేమీ లేకుండా నడిచింది, సందుకి అటు చూసింది, ఇటు చూసింది. చెయ్యెత్తి ఒక క్లిప్పు తీసింది, రెండోది తీసింది. చొక్కాని చుట్టి కోటు లోపల పెట్టుకుంది. తర్వాత ఆ రెండు క్లిప్పుల్నీ తిరిగి దండేనికి పెట్టి, బొటనవేలితో ఒకదాన్ని ఇంకొకదాని పక్కకి నెట్టింది, రెండూ తగిలేదాకా.

గాలి క్లిప్పులు తీసి పెట్టదు. పద్నాలుగేళ్లలో ఆ మాట నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

విల్ఫ్ అప్పటికి ఆవిడకి పది అడుగుల దూరంలో ఉన్నాడు. ఒక్క క్షణం ఆగాడు. తల అటు తిప్పుకుని, ఏమీ చూడని మనిషిలా నడిచి వెళ్లిపోయాడు. ఐవీ నా పక్క నుంచే, నా మొహం చూడకుండా, మా గేటులోంచి ఇంట్లోకి వెళ్లిపోయింది. కెమెరా ఇంకా తిరుగుతూనే ఉంది.

నేను లోపలికి వెళ్లేసరికి కోటుతోనే వంటింట్లో కూర్చుని ఉంది, సినిమావాళ్ల చొక్కా ఒళ్లో పెట్టుకుని. నేను కెటిల్ పెట్టాను. వేరే ఏం చెయ్యాలో తెలీలేదు.

“నువ్వా తీసింది?” అన్నాను, కెటిల్ వైపే చూస్తూ.

“ఆ రోజు పాలబ్బాయి రావడానికి ఇంకా పావుగంటే ఉంది. వాడి నోట పడితే రోడ్డంతా తెలిసేది.”

“నాకు చెప్పలేదు.”

“నువ్వు చెప్పావా?”

కెటిల్ కూతపెట్టింది. తీసి పక్కన పెట్టాను. ఆవిడ చొక్కా చేతులు మడతపెడుతూ చెప్పింది, రాయ్ చొక్కాని అప్పట్లో తను విడిగా ఉన్న ఇంట్లో పొయ్యి ముందు ఆరబెట్టిందట, ఇస్త్రీ చేసి పెట్టిందట, వాడు తిరిగొచ్చాక వాడి చేతికే ఇద్దామని. కబురొచ్చాక ఎలా ఇవ్వాలో తెలియలేదట. ఇస్తే తను చూసినట్టు నాకు తెలిసిపోతుంది. నాకు తెలిస్తే, పిల్లని తీసుకుని ఎటైనా పోతానేమోనని భయం.

“పైన సొరుగులో అడుగున ఉంది. నా ముఖమల్ గౌను కింద.”

నేను అడగకూడదనుకున్నది అడిగాను.

“నా వల్లే అనుకున్నావా అమ్మా?”

ఐవీ అబద్ధం చెప్పే మనిషి కాదు.

“మొదటి ఏడాది అనుకున్నాను. నీ మొహం చూడబుద్ధయ్యేది కాదు. పిల్ల కోసం వచ్చేదాన్ని.” తలగుడ్డ ముడి విప్పుకుంది. “తర్వాత మిగతావాళ్లు గుర్తొచ్చారు. ఓడలో ఇరవై మంది. ఆ రోజు పంతొమ్మిది ఇళ్ల దండేలు ఖాళీగానే ఉన్నాయి డోరీన్. నేను రోడ్డంతా తిరిగి చూశాను కదా.”

నేను టీ పోశాను. కొంచెం సాసర్లోకి ఒలికింది. ఆవిడ సాసర్లోది కప్పులోకి వంచుకుని తాగింది.

“పద్నాలుగేళ్లుగా తడి బట్టల కింద కూర్చోబెట్టావు నన్ను. ఈ దగ్గు ఊరికే వచ్చిందనుకున్నావా? ఏమే, ఎందుకు బయట వేయవు అని అడుగుదామంటే, ఏమని అడగను” అంది. అంతే. తర్వాత బయట పిలుస్తున్నారని లేచి, చొక్కా తీసుకుని వెళ్లిపోయింది. ఆ సీను ఇంకో మూడుసార్లు తీశారు. మూడుసార్లూ ఐవీ గుమ్మం దిగి, అదే చేసింది.

సాయంత్రం విల్ఫ్ పెరట్లో మెట్టు మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. మాట ఇచ్చావు అన్నాను.

“ఇచ్చాను.”

“మరి?”

“అబద్ధం చెప్పమంటే చెప్తాను. నువ్వు ఆ క్షణాన నాకు గుర్తు లేవు డోరీన్. ఖాళీ దండేలు చూశాను, ఒకటి ఉంటే బాగుంటుంది అనిపించింది. అది ఎక్కడిదో, ఎవరిదో గుర్తురాలేదు. చెప్పేశాక, వెనక్కి తిరుగుతుంటే నువ్వు గేటు దగ్గర కనిపించావు.” మోకాళ్లు రుద్దుకున్నాడు. “అమ్మ పోయినప్పుడు కూడా అంతే. పక్కన కూర్చుని ఆ దగ్గు ఎక్కడ విరుగుతోందో వింటున్నాను. అమ్మని వినలేదు.”

తిట్టడానికి నా దగ్గర చాలా మాటలు ఉన్నాయి. ఒక్కటీ పైకి తీయడానికి ఓపిక లేకపోయింది. అతని మొహం అప్పుడు ఎవరి మొహంలానూ లేదు, అంత అలసటగా ఉంది. వంటింట్లో ప్యాటీలు చల్లారిపోతున్నాయని చెప్పాను. లేవడానికి చెయ్యి అందిస్తే పట్టుకుని లేచాడు.

ఐవీ ఆ రాత్రి భోజనం దగ్గర వెనిగర్ సీసా అతని వైపు జరిపి, “తీసుకో విల్ఫ్రెడ్” అంది. అతను సీసా అందుకుని ప్యాటీల మీద ఒంపుకున్నాడు.

మరుసటి వసంతంలో సినిమా వచ్చింది. ఆ ముసలి కూలీ తల తిప్పుకోవడం గురించి పత్రికలు మళ్లీ పేజీలు రాశాయి. అతను చేసిన వాటన్నిటిలో గొప్పది అదే అన్నారు. ఐవీ గురించి ఎవరూ రాయలేదు. ఆవిడ మా ఊరి హాల్లో చూసి, నా నడక అంత వంకరగా ఉంటుందా అని అడిగింది, అంతే. నేను ఆ సినిమా ఒక్కసారే చూశాను. విల్ఫ్ తల తిప్పుకున్నది ఎవరిని చూసి నేర్చుకున్నాడో అప్పుడు వెతికాను, మా ఇంట్లో ఎవరూ గుర్తురాలేదు.

అతను లండన్ వెళ్లిపోయింది సెప్టెంబరు మొదటి వారంలో. తర్వాతి సోమవారం షిఫ్టు నుంచి వచ్చి బట్టలు ఉతికాను. జేనెట్ చొక్కాలు, టీ గుడ్డలు, ఐవీ గౌను. అన్నిటి కిందా లేత నీలం చొక్కా ఒకటి, మడతల దగ్గర పసుపెక్కి. బుట్ట నడుం మీద పెట్టుకుని వెనక గేటు తెరిచి, దండెం తుడిచి, అన్నీ వేశాను. పక్కింటావిడ గోడ మీంచి చూసింది.

ఇరవై నిమిషాలకి వాన మొదలైంది.

“తడుస్తున్నాయి” అంది ఐవీ కిటికీ దగ్గర నుంచి.

“తడవనీ” అన్నాను. కుర్చీలోంచి లేవలేదు.